ఎక్కడికని అడగని ఇల్లు

వెంకటదుర్గ ఎక్కే రైలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నరసాపురంలో పట్టాలు అయిపోతాయి కాబట్టి బయల్దేరే బండికి అదే మొదలు, తిరిగొచ్చే బండికి అదే చివర. వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన సీటు దొరుకుతుందని చిన్నప్పుడు దుర్గకు భలే సంతోషంగా ఉండేది. వచ్చేటప్పటి సంగతి తరవాత తెలిసింది. ఏ జలంధర్ నుంచో ఇంఫాల్ నుంచో మూడు బళ్ళు మారి వస్తే, భీమవరంలో సగం మంది దిగిపోతారు, పాలకొల్లులో మిగతావాళ్ళు దిగిపోతారు. ఆఖరి పది కిలోమీటర్లూ పెట్టెలో తనూ, తన సంచీ, ఎవరో పారేసిన వేరుశెనగ తొక్కలూ. పదిహేనేళ్ళపాటు ఆ అమ్మాయి అలాగే వచ్చింది. స్టేషన్లో ఎదురొచ్చినవాళ్ళు లేరు. నేను రెండు మూడుసార్లు వెళ్ళాను గాని అది లెక్కలోకి రాదు. మాస్టారు ఎదురెళ్ళడం వేరు, ఇంట్లోవాళ్ళు ఎదురెళ్ళడం వేరు.

నా పేరు ఉదయభాస్కర్. ముప్పైనాలుగేళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మాది మండపేట దగ్గర వ్యవసాయ కుటుంబం, ఉద్యోగం మటుకు ఈ సముద్రం పక్కన వెలగబెట్టాను. ఎండలో ఈల ఊదీ ఊదీ నాకు మెల్లగా మాట్లాడడం చేతకాకుండా పోయింది. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ కథలో జరిగిన పెద్ద తప్పు నాదే కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

దుర్గ వాళ్ళది రేవుకి దిగువనున్న మత్స్యకారుల పేట. తండ్రి చిట్టియ్య వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి దుర్గకు తొమ్మిదేళ్ళు. తల్లి పెద్దింట్లమ్మ చేపలు ఎండబెట్టి, తట్టలో పెట్టుకుని పల్లెల వెంట తిరిగి అమ్మి, ఆ ఒక్క పిల్లనీ పెంచింది. ఇంట్లో ఇద్దరే మనుషులు. ఆ ఇద్దరిలోనూ మాటకారి ఒక్కరూ లేరు.

ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా నా కంట పడింది. తాడు లాగే పోటీ పెట్టాను. ఆడపిల్లల జట్టంతా చతికిలబడ్డా ఆఖరున ఒక్కతి తాడు వదలకుండా అవతలి జట్టు లాగుతుంటే ఇసకలో బరబరా ఈడ్చుకుపోతోంది. ఈల ఊదినా వదల్లేదు. దగ్గరికెళ్ళి వేళ్ళు విప్పదీయవలసి వచ్చింది. ఒడ్డున నిలబడి అలివి వల లాగిన చేతులవి, ఊళ్ళో పిల్లల చేతులు కావు. అంతకు ముందు వేసవిలోనే మా బోటి మాస్టార్లకి ఆరు వారాలు జూడో నేర్పించి పంపారు. వచ్చీరాని విద్య, ఎవరిమీదైనా ప్రయోగిద్దామని నేను కాచుకుని ఉన్నాను. దుర్గ దొరికింది.

జూడోలో గుద్దులూ తన్నులూ ఉండవు. ఇద్దరూ మందపాటి కోట్లు తొడుక్కుని, ఒకరి కోటు ఒకరు పట్టుకుని, అవతలివాళ్ళని ఎత్తి పడేయాలి. వీపు పూర్తిగా చాపకి తగిలేలా పడేస్తే ఆట అక్కడితో సరి. అంటే ఈ ఆటకి రెండో మనిషి కావాలి. కర్రసాము ఒక్కడూ తిప్పుకోవచ్చు, పరుగు ఒక్కడూ పరిగెత్తొచ్చు. ఇది మాత్రం పట్టుకోవడానికి ఇంకొక ఒళ్ళుంటే తప్ప సాగదు. మా ఊళ్ళో ఆ రెండో ఒళ్ళు దొరకలేదు. నలుగురైదుగురు పిల్లలు చేరి, నెల తిరక్కుండానే నడుములు పట్టుకుని ఇళ్ళకి పోయారు. మండపేటలో మా అన్నయ్య మిల్లు నుంచి గోనె సంచులు తెప్పించి, వరిగడ్డి కూరి, కుట్టించి, తుఫాను షెల్టరు మేడ మీద పరిపించాను. సైకిలు ట్యూబు ఒకటి స్తంభానికి కట్టాను. ఆ ట్యూబుని ఎదుటి మనిషి కోటు అనుకుని దుర్గ రోజుకి మూడొందల సార్లు లాగేది. అలా పదిహేనేళ్ళు స్తంభంతో కుస్తీ పట్టింది. మనిషిని పట్టుకోవాలంటే టోర్నమెంటుకే వెళ్ళాలి.

వెళ్ళింది. పూణే, భోపాల్, లక్నో, జలంధర్, ఇంఫాల్, నేను మ్యాపులో వెతుక్కోవలసిన ఊళ్ళు ఇంకా బోలెడు. ఎక్కడికెళ్ళినా బడి గదుల్లో బెంచీలు జరిపి కింద పడక. మన రాష్ట్రం నుంచి ఆడపిల్లలు ఒకరో ఇద్దరో ఉండేవారు. ఆ రెండో అమ్మాయి ఓడిపోతే ఆ సాయంత్రమే వెళ్ళిపోయేది. యాభై రెండు కిలోల విభాగం దుర్గది. బరువు తూచే ముందు రోజంతా నీళ్ళు కూడా ముట్టకుండా, రెండు స్వెట్టర్లు వేసుకుని మైదానం చుట్టూ పరిగెత్తేది. చుట్టూ హిందీ, పంజాబీ, మణిపురీ. నాలుగు రోజుల్లో దుర్గ నోటివెంట నాలుగు మాటలు వచ్చేవి కావు. చాప మీదికి ఎక్కాక మటుకు అవతలి పిల్ల కోటు అందితే వదిలేది కాదు. రెండుసార్లు జాతీయ పోటీల్లో మూడో స్థానం తెచ్చుకుంది. నేను ఈల ఊదుతూ బడి చుట్టూ తిరిగాను. హెడ్మాస్టరుగారు ఏమైందోనని బయటికొచ్చారు.

ఇక ఇంటి సంగతి చెప్పాలి. బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడక్కూడదన్న పట్టింపు మా వ్యవసాయదారుల ఇళ్ళలోనూ ఉంది. కాని మేం గడుసువాళ్ళం. ‘ఎందాకా అండీ?’ అని అడిగి జవాబు రాబట్టుకుని, శాస్త్రమూ తప్పలేదు, సంగతీ తెలిసింది అనుకుంటాం. పేటలో ఆ తిరకాసులు చెల్లవు. వేటకు వెళ్ళేవాణ్ణి ఎందాకా అని కూడా అనరు. ఎప్పుడొస్తావు అని అసలే అనరు. మనిషి గుమ్మం దాటుతుంటే ఇంట్లోవాళ్ళు ఏదో పనున్నట్టు తల తిప్పుకుంటారు. తిరిగొచ్చాక కూడా ఏం పడ్డాయి అని అడగరు, తట్ట దించితే వాళ్ళకే కనబడుతుంది. పెద్దింట్లమ్మ ఈ పట్టింపుని తు.చ. తప్పకుండా కూతురికీ వర్తింపజేసింది. దుర్గ సంచి భుజాన వేసుకుని బయల్దేరితే తల్లి పెరట్లోకి వెళ్ళిపోయేది. పతకం తెచ్చి టీవీ మీద పెడితే, తెల్లారేసరికి అది ట్రంకు పెట్టెలో చీరల అడుక్కి చేరేది, దిష్టి తగులుతుందని.

ఫోన్ చేస్తే ఆవిడ అడిగేది ఒకటే మాట, తిన్నావా అని. తిన్నానంటే, సరే పడుకో అని పెట్టేసేది. ఎక్కడున్నావు లేదు, గెలిచావా లేదు. దుర్గ తక్కువదేం కాదు, తనంతట తను చెప్పదు. అడక్కుండా చెప్పడానికి నేనేమన్నా అడుక్కుంటున్నానా అండీ అనేది నాతో. హర్యానా పిల్లలకి తండ్రులు నెయ్యి డబ్బాలు మోసుకుని వెంట వచ్చేవారు. మణిపురీ పిల్లల తల్లులు వీడియో కాల్లో గంటల తరబడి కబుర్లు చెప్పేవారు. దుర్గ ఏం చేసేదో నాకు చాలా ఏళ్ళ తరవాత చెప్పింది. ఆఫ్ చేసిన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఆ రోజు ఎవరిని ఎలా పడేసిందో తల్లికి చెబుతున్నట్టు చెప్పుకునేదట. అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు లేరు కాబట్టి అవతల ఎవరూ లేరన్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఇది విన్నరోజు నాకు అన్నం సయించలేదు.

అది చెప్పింది ఇరవై తొమ్మిదో ఏట, భోపాల్‌లో ఎంపిక పోటీలకి వెళ్ళే ముందు. మొదటి ఇద్దరిలో ఒకరైతే జాతీయ శిబిరానికి తీసుకుంటారు, అక్కణ్ణుంచి విదేశాలకు కూడా పంపవచ్చు. ఆ వయసులో అది ఆఖరి అవకాశమని ఇద్దరికీ తెలుసు. మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల ఏడవగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

“మా అమ్మ ఒక్కసారంటే ఒక్కసారి, ఎక్కడికే దుర్గా అని అడిగితే బావుణ్ణండి మేస్టారూ. నేనెక్కడికి పోతున్నానో తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుండాలి కదండీ,” అంది.

నేను అగ్గి మీద గుగ్గిలమై లేచాను. సైకిలు తీసుకుని తిన్నగా పేటకి వెళ్ళాను. పెద్దింట్లమ్మ ఇసకలో పరిచిన చేపల్ని తిరగేస్తోంది. పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాను. కన్నకూతురు దేశమంతా తిరిగి పేరు తెస్తుంటే ఒక్క మాట అడగని తల్లివి నువ్వేం తల్లివన్నాను. కడుపున పుట్టినదాన్ని పరాయిదాన్ని చేశావన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవన్నీ ఇప్పుడు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆవిడ తల ఎత్తలేదు. వరస చివరిదాకా చేపలన్నీ తిరగేసి, అప్పుడు లేచి చేతులు దులుపుకుంది.

“అడగమంటారా?” అంది.

“అడగమ్మా. నోరారా అడుగు.”

“మీరు సదువుకున్నోళ్ళు. అడిగితే ఏటీ కాదంటారా మేస్టారండీ?”

ఏమీ కాదన్నాను. మూఢనమ్మకాలు మానమని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆవిడ ఎందుకంత మెల్లగా అడిగిందో, రెండోసారి ఎందుకు అడిగిందో గమనించే ఓపిక నాకు లేకపోయింది.

మర్నాడు రైల్లోంచి దుర్గ ఫోన్ చేసింది. గొంతు చూస్తే పదమూడేళ్ళ పిల్ల గొంతులా ఉంది. మా అమ్మ అడిగిందండి అంది. గుమ్మం దిగి నాలుగడుగులు వేసేసరికి వెనకనుంచి ఎక్కడికే దుర్గా అందట, ఎప్పుడొస్తావు అని కూడా అడిగిందట. దుర్గ వెనక్కి వెళ్ళి భోపాలమ్మా అని, అది ఎంత దూరమో, ఎన్ని బళ్ళు మారాలో, వచ్చే బుధవారం ఎన్నింటికి దిగుతుందో అన్నీ చెప్పిందట. ఈసారి చూడండి మేస్టారూ, ఒక్కదాన్నీ నిలబడనివ్వను అంది. నేను నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ పూట రెండు గారెలు ఎక్కువ తిన్నాను.

మూడో ఆటలో మోకాలు పోయింది. దుర్గ పెద్ద పట్టు ఒకటుంది. గిర్రున తిరిగి, ఎడంకాలి మీద నిలబడి, కుడికాలితో అవతలి మనిషిని నడుం దగ్గర ఎత్తి విసిరేస్తుంది. అలా తిరిగినప్పుడు కాలు చాపలో ఇరుక్కుంది, ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. టప్పుమన్న చప్పుడు తనకే వినబడిందట. లిగమెంటు తెగింది. అనుకున్న బుధవారానికి రాలేదు, ఆపై ఆదివారం వచ్చింది. నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి బండిలో జనమంతా దిగిపోయారు. పెట్టెలు ఊడ్చే ఏసమ్మ, చీపురు పక్కన పడేసి, దుర్గ చంక కింద చెయ్యి వేసి దింపుతోంది.

ఆటోలో ఇంటికి తీసుకెళ్ళాను. పెద్దింట్లమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కూతురి చేతిలో కర్రల్ని చూసింది, కట్టు కట్టిన కాలుని చూసింది. ఏడవలేదు. లోపలికెళ్ళి చాప పరిచింది. ఆ చాప పరిచినప్పటినుంచీ ఆవిడ కూతురితో మాట్లాడడం మానేసింది.

రాజమండ్రిలో ఆపరేషనయింది. తల్లే దగ్గరుండి చేసింది. కాలు పట్టింది, కాపడం పెట్టింది, స్నానానికి ఎత్తుకుని తీసుకెళ్ళింది. మాట మాత్రం లేదు. తిన్నావా అన్న ఒక్క మాటా పోయింది, కంచం తెచ్చి ముందు పెట్టి పక్కకి తప్పుకునేది. ఆరు నెలలయ్యాక దుర్గ కర్ర వదిలి నడిచింది. ఏడాది దాటాక పాలకొల్లులో ఒక ప్రైవేటు బళ్ళో డ్రిల్లు టీచరుగా చేరింది. రోజూ పొద్దున్నే తను బయల్దేరే వేళకి తల్లి పెరట్లోకి పోయి, గోడవారన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ కొంగు సంగతి దుర్గకు కనబడదు. వీపు మాత్రమే కనబడుతుంది. తను గెలవలేదని, కుంటిదై ఇంటికొచ్చిందని అమ్మకి అసహ్యం పుట్టింది అనుకుంది. ఇంతకంటే ఆ బడి గదుల్లో ఒంటరిగా పడుకోవడమే నయమండి మేస్టారూ, అక్కడ నా వాళ్ళెవరూ లేరని ముందే తెలుసు అంది నాతో.

అప్పుడు నేను మళ్ళీ పేటకి వెళ్ళాను. ఈసారి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. కోపం రాలేదు, భయం వేసింది. పెద్దింట్లమ్మ నన్ను చూసి, పీట వేసి, ఎదురుగా కింద కూర్చుంది. ఎందుకమ్మా ఇలా అన్నాను.

“మా ఆయన ఎల్లేటప్పుడు అడిగానండి,” అంది. “పిల్లకి జొరంగా ఉంది, ఎప్పుడొత్తావయ్యా అన్నాను. నా నోటితో నేనే అడిగాను. ఆయన రాలేదు. మళ్ళీ ఆ మాట అనకూడదని ఇరవయ్యేళ్ళు నోరు కట్టుకున్నానండి. మీరు అడగమన్నారని అడిగాను. నేను అడిగినోళ్ళు బాగా తిరిగి రారు మేస్టారండీ.”

సముద్రానికి నీ మాట వినబడిందా అని చెబుదామనుకున్నాను. మోకాలికీ మాటకీ సంబంధమేంటని చెబుదామనుకున్నాను. ఆ రోజున ఇవన్నీ చెప్పి ఆవిణ్ణి ఒప్పించిన పెద్దమనిషిని నేనే కదా. ఆవిడ రెండోసారి ఎందుకడిగిందో అప్పుడు అర్థమైంది. ఇరవయ్యేళ్ళ భయాన్ని నా చేతిలో పెట్టి, ఏం కాదు కదా అని అడిగింది. నేను ఈల ఊదేశాను.

ఆ సాయంత్రమే దుర్గకు అంతా చెప్పాను. ఆ అమ్మాయి మోకాలు నిమురుకుంటూ వింది. తండ్రి వెళ్ళిన రోజున తనకి జ్వరమన్న సంగతి తనకి గుర్తే లేదు. ఆఖరికి, రాజమండ్రిలో వచ్చే నెల రాష్ట్ర పోటీలు కదండీ అంది. డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. నడకకీ మెట్లకీ ఢోకా లేదు, మళ్ళీ చాప ఎక్కి ఆ కాలు మీద తిరిగితే మాత్రం జన్మంతా కర్రే గతి. ముప్పై ఒకటో ఏట, రెండేళ్ళు ఆట ముట్టుకోకుండా, ఏం గెలుస్తావే అని తిట్టాను.

“గెలవడానిక్కాదండి. అమ్మ అడగాలి, నేను వెళ్ళాలి, నా కాళ్ళ మీద నేను తిరిగి రావాలి. అంతే,” అంది.

ఇంటి దగ్గర్నుంచి పాలకొల్లు వెళ్ళి రావడం కూడా వెళ్ళి రావడమే కదా, దానికి అడగమనవచ్చు కదా అన్నాను. దుర్గ తల అడ్డంగా ఊపింది. బడికి వెళ్ళడం వేట కాదు, అమ్మకి అది ఆనదు అంది.

పోటీ రోజు పొద్దున్నే నేను పేటకి వెళ్ళాను. సంచి భుజాన వేసుకుని దుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. తల్లి పెరట్లో ఉంది. అడిగితే గాని కదలనని దుర్గ అప్పటికే చెప్పేసిందట. ఆరింటి బస్సు వెళ్ళిపోయింది. పదకొండున్నరకి బరువులు తూచడం ఆపేస్తారు, దారి మూడు గంటల పైమాట. ఇరుగుపొరుగువాళ్ళు పళ్ళు తోముకుంటూ చూస్తున్నారు. సాయిదుర్గ అని పక్కింటి ఆవిడ, అడిగేయరాదా అత్తా అని కూడా అంది. పెరట్లోంచి ఉలుకూ పలుకూ లేదు. ఏడింటి బస్సు కూడా హారన్ కొట్టుకుంటూ పోయింది. కాళ్ళు లాగి దుర్గ గుమ్మంలోనే కూలబడింది. మోకాలు మడత పెట్టేటప్పుడు ముఖం చిట్లించింది. తల్లి గోడవార నుంచి అది చూసింది.

లేచి వచ్చింది. వచ్చి కూతురి వెనక నిలబడింది. కొంగు నోట్లోంచి తీసింది.

“ఎక్కడికే?” అంది. ఆ మాట వినబడీ వినబడనట్టుగా ఉంది.

“రాజమండ్రమ్మా.”

“ఎప్పుడొత్తావు?”

“ఏడింటికల్లా వచ్చేస్తాను.”

పెద్దింట్లమ్మ వెంటనే లోపలికెళ్ళి తలుపేసుకుంది. మేం ఆటో మాట్లాడుకుని పాలకొల్లు వెళ్ళి, అక్కడ బస్సు పట్టుకుని, పదకొండూ ఇరవైకి తూనిక దగ్గరికి చేరాం. ఈ రెండేళ్ళలో బరువు పెరిగింది కాబట్టి యాభై ఏడు కిలోల విభాగంలో రాశారు. మొదటి ఆటే హారతి అనే అమ్మాయితో. పందొమ్మిదేళ్ళది, బాణంలా ఉంది. దాని అమ్మా నాన్నా మెట్ల మీద కూర్చుని పేరు పెట్టి అరుస్తున్నారు. దుర్గ వాళ్ళవైపు ఒకసారి చూసింది. నేను చాప అంచున కూర్చుని, శుభ్రంగా పడిపో, చాలు అని పదిసార్లు చెప్పాను. వింటున్నట్టే తల ఊపింది.

కాని పదిహేనేళ్ళు ఆడిన ఒళ్ళు కదా, అది నా మాటా వినదు, తన మాటా వినదు. నిమిషం తిరిగేసరికి హారతి కోటు దుర్గ చేతికి చిక్కింది. భుజం దగ్గర ఒకటి, మోచేతి దగ్గర ఒకటి, రెండు పట్లూ పడ్డాయి. హారతి బరువంతా ముందుకి వచ్చేసింది. ఇక ఎడంకాలి మీద తిరగడమే తరువాయి. తిరిగితే హారతి గాల్లో ఉంటుంది, జూడో తెలిసినవాళ్ళెవరికైనా అది కనబడుతుంది. నేను వద్దని అరవాలి. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా నోట్లోంచి ‘తిరుగు’ అనే మాటే రాబోయింది. దుర్గ మడమ లేచింది. లేచిన మడమ మళ్ళీ చాప మీదికి దిగింది. వేళ్ళు విప్పేసింది. ఆ చేతులు పట్టిన కోటు వదలడం నేను అదే చూడడం. మరుక్షణంలో హారతి దుర్గని వెల్లకిలా పడేసింది. మెట్ల మీద తల్లీ తండ్రీ గంతులేశారు.

దుర్గ లేచింది, వంగి నమస్కారం చేసింది, నడుచుకుంటూ వచ్చింది. కోటు విప్పి మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. బస్సు రావులపాలెం దాటింది. ఆ తరవాత, పట్టు పడిందండి మేస్టారూ అంది. చూశానమ్మా అన్నాను. తిరిగితే పడేదండి అంది. పడేదమ్మా అన్నాను. కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకేం పోయింది.

ఏడింటికి ఇంకా పది నిమిషాలుండగా పేటలో దిగాం. పెద్దింట్లమ్మ వీధి మొగలోనే ఉంది. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని సాయిదుర్గ చెప్పింది. ఆవిడ కూతురి ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. దుర్గ దగ్గరికొచ్చేదాకా ఆ రెండు కాళ్ళూ ఎలా పడుతున్నాయో చూస్తూ నిలబడింది. తరవాత వంగి ఎడమ మోకాలిని రెండు చేతులతోనూ పట్టుకుంది.

“ఓడిపోయానమ్మా,” అంది దుర్గ.

ఆ మాట ఆవిడకు ఎక్కినట్టే లేదు. వచ్చేశావే, ఏడు కూడా అవలేదే, వచ్చేశావే అని అదే అంటోంది. నవ్వుతోంది. ఆవిడకి పక్క పన్ను ఒకటి లేదన్న సంగతి ఇన్నేళ్ళలో నేను మొదటిసారి చూశాను. ఇంట్లోకి వెళ్ళాక ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఎవరే ఆ పిల్ల, ఎంత ఉంటుంది, ఎలా పడేసింది, దెబ్బ తగల్లేదు కదా. జలంధర్‌లో చలేస్తుందా, ఇంఫాల్‌లో ఏం తింటారు, అన్నేసి రోజులు ఎవరితో మాట్లాడేదానివి. దుర్గ ఒక్కొక్కటీ చెబుతూ వచ్చింది. ఎవరితో మాట్లాడేదో అది మాత్రం చెప్పలేదు. నాకు భోజనం వడ్డిస్తూ వడ్డిస్తూ పెద్దింట్లమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయి, మళ్ళీ ఎక్కడికే దుర్గా ఆట, ఎప్పుడే అంది. ఇక ఆవిడకి భయం లేదు. తను అడిగితే మనిషి తిరిగొస్తుంది. అది ఎన్నిసార్లయినా అడిగి చూసుకోవాలని ఉంది.

దుర్గ నా వంక చూసింది. ఆటయిపోయిందని మా ఇద్దరికే తెలుసు.

“విజయవాడమ్మా, వచ్చే నెల,” అంది.

పోటీల తేదీలన్నీ ఇప్పటికీ నా దగ్గరే ఉంటాయి. నేను తల దించుకుని అన్నం కలుపుకున్నాను. నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున్నే దుర్గ కోటు మడత పెట్టి సంచిలో సర్దుకుని బయల్దేరింది. పెద్దింట్లమ్మ గుమ్మంలోకి వచ్చి, వీధంతా వినబడేలా ఎక్కడికే దుర్గా అని అడిగింది, ఎప్పుడొత్తావు అని అడిగింది. దుర్గ జవాబు చెప్పి స్టేషన్‌కి నడిచింది. విజయవాడలో పదో నంబరు ప్లాట్‌ఫారం మీద సాయంత్రం దాకా కూర్చుని, తిరుగు బండెక్కి వచ్చింది. ఆ రోజు అక్కడ పోటీలేమీ లేవు.